మూత లేని బేరం

నూటయాభై చెప్పిన హార్మోనియాన్ని తొంభైకి కొన్నదాన్ని నేను. అప్పటికి నాకు పదహారేళ్లు. అమ్మిన ఇంట్లో మనిషి పోయి నెల కూడా కాలేదు, ఆయన చొక్కా ఇంకా గోడకే వేలాడుతోంది. సరిగ్గా ఆ చొక్కా కింద కూర్చుని అరవై రూపాయలు తగ్గించాను. మా వరంగల్ బజార్లో ఇంతకన్నా గట్టి బేరం చేసిన పదహారేళ్ల పిల్ల ఇంకొకతె ఉంటే తీసుకురండి, నా ముక్కుపుడక తీసి ఆమె చేతిలో పెడతాను. బతుకులో అంత చెడ్డ బేరం మళ్లీ చేయలేదు. అది కూడా నా గొప్పే.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న మధ్యాహ్నం మా వంటింట్లో ఒక ఇత్తడి మూత మోగింది. పప్పు డబ్బాల వెనక గోడకు ఆనించి పెట్టిన పాత మూత. నేను ముందుగదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. సన్నగా ఒకే ఒక్క స్వరం మొదలై, గది నిండి, ఆగిపోయింది. లేచి వెళ్లి చూశాను. మూత జారలేదు, పడలేదు, ఉన్నచోటే ఉంది. ఇత్తడి గిన్నెలోంచి ఆ స్వరాన్ని నేను విని నలభై ఏళ్లు దాటింది.

మాది ఇత్తడి సామాన్ల దుకాణం, ముందు దుకాణం, వెనక ఇల్లు. మా నాన్న, బాపు, ఊళ్లు తిరిగి సరుకు తెచ్చేవాడు. దుకాణం నడిపింది మాత్రం ఆయన తల్లి, మా బాపమ్మ. పొద్దున నుదుట కుంకుమ పెట్టుకుని గద్దె మీద కూర్చుంటే, దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. తక్కెడ కన్నా ఆమెకు చెవి మీద నమ్మకం. ఏ గిన్నె వచ్చినా ముందు ఎడమ చేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి కణుపుతో ఒక్కటి కొట్టేది. కళ్లు మూసుకుని వినేది. నెర్ర ఉంటే దొరికిపోయేది, మాటు వేసి ఉంటే దొరికిపోయేది. "ఇత్తడి అబద్ధమాడది బిడ్డా. ఆడితే గీడితే మనమే ఆడాలె," అనేది. ఆ రెండో మాటను ఆమె మాటవరసకు అనలేదు, ఆచరణలో కూడా పెట్టేది.

ఆ ఏళ్లలో ఊరందరికీ స్టీలు పిచ్చి పట్టింది. తాతలనాటి బిందెలు, చెంబులు, తాంబాళాలు రిక్షాల మీద మా గడప దగ్గరికి వచ్చేవి. పాత ఇత్తడి ఇచ్చి, ఆ పైసలతో పక్క బజార్లో తళతళలాడే స్టీలు కొనుక్కుని సంబరంగా పోయేవాళ్లు. దుకాణం నిండా చింతపండు, బూడిద, తడి ఇత్తడి కలిసిన ఒక పుల్లటి వాసన. ఎనుమాముల మార్కెట్టు వైపు మిర్చి బండ్లు పోయే రోజుల్లో దానికి ఘాటు తోడయ్యేది. బేరం మధ్యలో అందరం తుమ్మేవాళ్లం. ముందు తుమ్మినవాళ్లు తగ్గాలి అని బాపమ్మ ఒక రూలు పెట్టింది. ఆమె ఎన్నడూ ముందు తుమ్మలేదు.

ఇంకో రివాజు కూడా ఉండేది. పాత గిన్నె కొనేటప్పుడు మూత తూకంలోకి రాదు. "పల్చటిది, దానికేం లెక్క," అని పక్కకు పెట్టేవాళ్లం. అదే గిన్నె తోమి, మెరుగు పెట్టి, తిరిగి అమ్మేటప్పుడు మాత్రం మూత ధర వేరు. అట్లా మా ఇంట్లో నలుగురు పిల్లల చదువులు మూతల మీదే నడిచాయి.

నేను ఆ గిన్నెల మధ్యనే పెరిగాను. మధ్యాహ్నం బాపమ్మ సర్వపిండి తిని, గోడకు ఒరిగి ఒక కునుకు తీసేది. ఆ వేళలో నేను గిన్నెలను స్వరం ప్రకారం వరసగా పేర్చి, తక్కువైన చోట నీళ్లు పోసి సరిచేసి, చెక్కగరిటెతో సినిమా పాటలు కొట్టేదాన్ని. ఎదురు కిరాణం వాళ్లు నవ్వేవాళ్లు. ఒకసారి నెర్రబడ్డ చెంబుకు లోపల మైనం పూసి, మంచి చెంబులా మోగేట్టు చేశాను. బాపమ్మ దాన్ని ఒక్కసారి కొట్టి చూసి, తర్వాత నన్ను రెండుసార్లు కొట్టింది. ఆ సాయంత్రం ఆ మైనం పని ఎట్లా చేశానో మెల్లగా అడిగి తెలుసుకుంది కూడా.

కానీ గిన్నె మీద ఎంత కొట్టినా స్వరం పుట్టిన మరుక్షణం నుంచి చావడం మొదలుపెడుతుంది. నాకు పట్టి ఉంచితే నిలిచే స్వరం కావాలి. హార్మోనియం కావాలి. అడిగితే బాపు నవ్వాడు. బాపమ్మ మాత్రం, "పాతది దొరికితే చూద్దాం తియ్," అన్నది.

ఒక రోజు కాశిబుగ్గ నుంచి ఒకావిడ రిక్షాలో ఇత్తడి గుండిగ ఒకటి తెచ్చింది. పది మందికి అన్నం వండే గుండిగ, పైన మూత. యాభై ఏళ్లు దాటిన మనిషి, తెల్లచీర. ఆమె భర్త చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవాడట, అందరూ మాస్టరు అనేవాళ్లు, కాబట్టి ఈమె మాస్టరమ్మ. బాపమ్మ గుండిగను కొట్టి కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, గుండిగ మీద అరచెయ్యి పెట్టి ఆపింది. చెయ్యి తీసింది. మళ్లీ పెట్టింది.

"ఇంక మోగుతనే ఉన్నదేంది," అన్నది, తనలో తాను.

తూకం వేశాం. "మూతకెంత అమ్మా?" అని మాస్టరమ్మ అడిగింది. నేనే ముందుకొచ్చి మా రివాజు చెప్పాను, మూతకు లెక్క ఉండదని. అమ్మేటప్పుడు సంగతేమిటని ఆమె అడిగింది. అమ్మేటప్పుడు వేరే అని, నా తెలివి చూపించుకోవడానికి, నవ్వుతూ చెప్పాను. ఆమె తల ఊపి, పోతూ పోతూ ఇంట్లో హార్మోనియం కూడా ఉందని, ఎవరికైనా కావాలంటే చెప్పమని అన్నది.

మర్నాడు మధ్యాహ్నం నేను, బాపమ్మ కాశిబుగ్గ పోయాం. సందు పొడుగునా మగ్గాల చప్పుడు. మాస్టరమ్మది సాలోళ్ల ఇంట్లో వెనక గది. హార్మోనియం పెట్టె గోడవారకు తెల్లగుడ్డ కప్పుకుని ఉంది. నేను గుడ్డ తీసి, బాపమ్మ గిన్నెను చూసినట్టే, ఒక్కో మెట్టూ నొక్కి చూశాను. అన్నీ బాగున్నాయి. బాగున్నాయని చెబితే బేరమెక్కడిది? తిత్తి గాలి పోతోందన్నాను. చెక్కకు పురుగు పట్టిందన్నాను. నూటయాభై అంటే లేచి గడప దాకా పోయాను. నూటపాతిక అంటే చెప్పులేసుకున్నాను. చివరికి తొంభై దగ్గర నిలబడి నోరు మూసుకున్నాను. ధర చెప్పాక ముందు మాట్లాడినవాళ్లే ఓడినట్టు, ఇది బాపమ్మ నేర్పిన విద్య.

మాస్టరమ్మ గోడ మీది చొక్కా వైపు చూసింది.

"తొంభైకే ఇస్త బిడ్డా. కాని మూత రాదు."

"మూత నాకెందుకు పెద్దమ్మా, గుడ్డ కప్పుకుంట."

"కట్టెమూత సంగతి కాదు," అని ఆమె పెట్టె పై పలక తీసింది. హార్మోనియంలో ఒక్కో మెట్టు కింద ఒక్కో సన్నటి ఇత్తడి రేకు ఉంటుంది. గాలికి ఆ రేకు వణికితేనే స్వరం. ఆమె కూరగాయల కత్తి మొనతో మధ్యలో ఉన్న మొదటి నల్లమెట్టు రేకును ఊడదీసి, కొంగున ముడివేసుకుంది.

"బడి ఇడిసినంక నాలుగుంబావుకు పిల్లలొస్తుండె. ఆయన ముందుగాల ఈ ఒక్క మెట్టు నొక్కి, దీన్ని పట్టుకోండ్రి అంటుండె. అటెన్కనే పాట. ఇది నేను అమ్మ. అమ్మేటప్పుడు మూత లెక్క వేరే గద, మీ రివాజే."

రేకు ఎంతుంటుంది, రెండు రూపాయలు. నేను లోపల లోపల ఎగిరి గంతేశాను. తొంభై లెక్కపెట్టి ఇచ్చి పెట్టె రిక్షా ఎక్కించాను. దుకాణం ముందు దిగుతూ బాపమ్మ అన్నది, "ఇయ్యాల బేరం చేసింది నువ్వు కాదు."

హన్మకొండలో పెట్టెలు బాగుచేసే మనిషి ఉండేవాడు. రెండు రూపాయలకు కొత్త రేకు వేశాడు. అక్కడ చక్కగా పలికింది. ఇంటికి తెచ్చి నొక్కితే గాలి మాత్రమే వచ్చింది, నిద్రలో మనిషి ఊపిరిలాగా. మళ్లీ తీసుకుపోయాను. అక్కడ పలికింది. ఇంట్లో పలకలేదు. మూడోసారి ఆయన పెట్టెను ముట్టుకోలేదు. "రేకుల ఏం లేదమ్మా తప్పు. ఇంక నా తానికి తేకు," అని, నేనిచ్చిన పైసలు కూడా తిరిగి నా వైపే జరిపాడు. బజారు మనిషి ఎవరైనా పుచ్చుకున్న పైసలు వాపసు ఇవ్వడం నేను చూసింది అదొక్కసారే. భయం వేసింది అప్పుడే.

వేరే శ్రుతి పెట్టుకోవచ్చు గదా అంటారు తెలిసినవాళ్లు. పెట్టుకున్నాను. పాటను ఎక్కడికి జరిపినా ఆ గుంత వచ్చి దారిలో పడేది.

మాస్టరమ్మ గుండిగ అప్పటికి ఇంకా అమ్ముడుపోలేదు. తోమి, మూత తీసి పైఅరలో వేరే పెట్టి, గుండిగను గల్లాపెట్టె పక్కన ఉంచాం. పెట్టె తెచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, మధ్యాహ్నం నేను దాని వెనక మూడడుగుల దూరంలో కూర్చుని తడుముకుంటూ వాయిస్తున్నాను. నల్లమెట్టు దగ్గర వేలు ఆగింది. నేను నొక్కనేలేదు. గుండిగ మోగింది. కొట్టినట్టు కాదు, పుట్టి చచ్చే మోత కాదు. పట్టి ఉంచితే నిలిచిన స్వరం, పిల్లలు అందుకునేదాకా ఓపిగ్గా ఆగినట్టు. తర్వాత ఆగిపోయింది.

బాపమ్మ కునుకులోంచి లేచి కూర్చుంది. గోడ గడియారంలో నాలుగుంబావు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బండ్లు పోతుంటే అదురుతోందేమో అని బాపమ్మ గుండిగ కింద గోనెసంచి మడిచి పెట్టింది. మోగింది. లోపల బియ్యం పోసింది. బియ్యంతో కూడా మోగింది, కాకపోతే కొంచెం గొంతు బొంగురు. ఆమె బియ్యం తీసేసి, ఆ రోజు నుంచి గుండిగ ధర అడిగినవాళ్లకు రెండింతలు చెప్పడం మొదలుపెట్టింది. ఇత్తడి ఊరికే మోగదని, దాన్ని ఎవరో ముట్టుకుంటేనే మోగుతుందని మాత్రం నాతో అన్నది. ఎవరని నేను అడగలేదు.

భయం ఎన్నాళ్లుంటుంది? పదిరోజుల్లో నాకు ఆ మోతతో లావాదేవీ కుదిరింది. నాలుగు కొట్టగానే కూర్చునేదాన్ని. ఆ స్వరం వచ్చే వేళకు దాని చుట్టూ దారి వేసేదాన్ని. అటునుంచి ఎక్కి, ఇటునుంచి దిగి, సరిగ్గా అది రావలసిన చోట వేళ్లు ఎత్తి ఖాళీ వదిలేదాన్ని. ఖాళీలో గుండిగ పలికేది. వర్షాకాలం గడిచేసరికి అదొక పాట అయింది. సినిమా పాట కాదు, భజన కాదు, ఎవరి దగ్గరా విన్నది కాదు. అందులో బాపమ్మ కణుపు దెబ్బ ఉంది, కాశిబుగ్గ మగ్గం ఆగి ఆగి పడే నడక ఉంది, మిర్చి బండి వెనక వచ్చే తుమ్ముకు ముందు బిగబట్టే ఊపిరి కూడా ఉంది. నా బతుకులో నేను కొనకుండా నాకు నేను తయారుచేసుకున్న వస్తువు అదొక్కటే. ఎదురు కిరాణం ఆయన నవ్వడం మానేసి, ఆ వేళకు అరుగు మీద నుంచి లోపలికి పోయేవాడు.

హన్మకొండలో ఒక సంగీతం సారు ఉండేవాడు. దసరా తర్వాత కొత్తవాళ్లను తీసుకుంటాడు, ముందు ఒక్క పాట వింటాడు. ఆయన దగ్గర చేరితే రేడియో దాకా పోవచ్చని అనేవాళ్లు. బాపును ఒప్పించి, ఒక పొద్దున పెట్టె తీసుకుని పోయాను. నా పాట వాయించాను. పొద్దున గదా, ఖాళీల్లో ఏమీ రాలేదు. పళ్లూడిన నోరులా ఉంది నా పాట.

సారు చివరిదాకా విన్నాడు. ఇది ఎవరి పాట అని అడిగాడు. నాదే అన్నాను. "నీదే అయితే, ఆ ఖాళీల ఏమున్నదమ్మా?" అన్నాడు. ఆయన ముందుకు వంగి నల్లమెట్టు నొక్కి, గాలి విని, పెట్టె నిండుగా ఉంటేనే పాఠమని, ఎనిమిది రోజుల్లో బాగుచేయించుకుని రమ్మని, లేకుంటే వచ్చే ఏడు చూద్దామని చెప్పాడు.

వచ్చే ఏటికి నన్ను ఇంట్లో పాటకు పంపేదీ, పంపనిదీ ఎవరికి తెలుసు? ఎనిమిది రోజుల్లో ఆ రేకు నాకు కావాలి. మర్నాడే ఒంటరిగా కాశిబుగ్గ పోయాను, దాచుకున్న వంద రూపాయలు రుమాల్లో కట్టుకుని.

మాస్టరమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మెడలో నల్లదారం, దారానికి ఆ రేకు. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"రోజూ నాలుగుంబావుకు ఆ మెట్టు నొక్కుతాన్నవు గద బిడ్డా?"

"ఆ మెట్టు పలుకది గద పెద్దమ్మా. నేను నొక్కుత లేను. ఆ యాళ్లకు దుకాణంల మీ గుండిగ మోగుతాంది, ఇక్కడ మీరే రేకు ఊదుతాండ్రనుకున్న."

"నాకు ఊదరాదు," అన్నది ఆమె. వేలితో రేకును తాకింది. "రోజూ ఆ యాళ్లకు ఇది గొంతుకాడ వణుకుతాంది. నువ్వు అక్కడ నొక్కుతాన్నవు, ఇక్కడ ఇది పలుకుతాంది అనుకున్న. పిల్ల మంచిది, యాది వెట్టుకొని నొక్కుతాంది అనుకున్న."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పక్క గదిలో మగ్గం ఆగింది. ఆ క్షణంలో నేను లేచి వచ్చేస్తే సరిపోయేది. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని నాకు అర్థమైంది, అబద్ధమెందుకు. కానీ ఎనిమిది రోజుల్లో అప్పటికే ఒకటి అయిపోయింది.

బేరం మొదలుపెట్టాను. అరవై అన్నాను, వంద అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా విద్యంతా కూడదీసి అన్నాను, "మెడల కట్టుకుంటె వణుకుడే గద పెద్దమ్మా. పెట్టెల పెడితె నోరారా పాడుతడు. ఆయనకు ఏది ఇష్టమో మీరే చెప్పుండ్రి."

పోయిన మనిషిని తీసి తక్కెడలో పెట్టాను. ఇంతకన్నా పెద్ద రాయి ఏ దుకాణంలోనూ ఉండదు. ఆమె బియ్యంలోంచి ఇంకో రాయి ఏరి పారేసింది. తర్వాత దారం తలమీదుగా తీసి రేకును నా అరచేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది.

పైసలిస్తే తీసుకోలేదు. "మూతకు మీరు పైసలియ్యలె. దీనికి నేను తీసుకోను," అన్నది.

రేకు వేశాం. ఇంట్లో కూడా పలికింది. స్వచ్ఛంగా, వంకలేకుండా, ఏ బజార్లో దొరికే హార్మోనియమైనా పలికేలా పలికింది. మధ్యాహ్నం నాలుగు కొట్టింది. నేను, బాపమ్మ గుండిగ వైపు చూస్తూ కూర్చున్నాం. నాలుగుంబావు దాటింది. నేనే నల్లమెట్టు నొక్కాను, గట్టిగా, ఊపిరున్నంత సేపు. అదే స్వరం, అదే ఇత్తడి, మూడడుగుల దూరం. గుండిగ కదల్లేదు. పక్కనున్న చెంబులన్నీ సన్నగా వంత పాడాయి, గుండిగ ఒక్కటే ఊరుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నేను సారు దగ్గర చేరాను. పది రోజులకు మాస్టరమ్మ దుకాణానికి వచ్చింది. మెడ బోసిగా ఉంది. ఏమీ కొనలేదు, ఏమీ అడగలేదు. గుండిగ పక్కన నిలబడి దాని మీద అరచెయ్యి ఆనించింది. నాలుగు పది. నాలుగుంబావు. నాలుగున్నర. బజారంతా దాని పని అది చేసుకుంటోంది. చివరికి ఆమె చెయ్యి తీసి, చీరకొంగుతో గుండిగ మీద పడ్డ వేలి ముద్రలు తుడిచింది.

బాపమ్మ గద్దె దిగింది. దుకాణానికి వచ్చిన మనిషి కోసం ఆమె గద్దె దిగగా చూడటం నాకు అదే మొదలు. గుండిగను తనే ఎత్తి రిక్షాలో పెట్టింది. తూకమెంత అని మాస్టరమ్మ అడిగితే, తూకం లేదన్నది.

రిక్షా మలుపు తిరగక ముందే నేను పైఅర వైపు చూశాను. మూత అక్కడే ఉంది. పిలిస్తే వినపడే దూరమే. పిలవలేదు. మూత వేరే అమ్మొచ్చు అనిపించింది, అంతే. నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. మరుసటి వారం సిగ్గుపడి కాశిబుగ్గ తీసుకుపోతే, గది ఖాళీ. ఏటూరునాగారం దిక్కు తమ్ముడి ఊరికి పోయిందన్నారు, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత నేను బాగానే వాయించాను. పెళ్లిళ్లలో, బళ్లో, రెండుసార్లు రేడియోలో. చెయ్యి శుభ్రంగా ఉందని అందరూ అన్నారు. నా పాట మాత్రం మళ్లీ కుదరలేదు. ఖాళీ నిండిపోయాక దానికి కూర్చునే చోటు లేకుండా పోయింది. ఒకసారి రేకు నేనే ఊడదీసి చూశాను. గాలి వచ్చింది. ఖాళీలో ఏముందని సారు అడిగిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబుంది, ఆయన లేడు.

మొన్న మూత మోగినప్పుడు గడియారం చూశాను. నాలుగుంబావే. పరుగున పోయి పెట్టె గుడ్డ తీసి, నా పాట ఎత్తుకుని, ఆ చోట వేళ్లు ఎత్తి ఆగాను. అప్పటికే ఆలస్యమైంది. నిన్నా ఈరోజూ నాలుగు నుంచే కూర్చున్నాను. ఏమీ రాలేదు. మోగింది పిలవడానికో, వసూలుకో తెలియదు.

తక్కెడకు వేలు అడ్డం పెట్టకుండా తూకం చూస్తే లెక్క ఇట్లా తేలుతుంది. హార్మోనియంలో నాకు మిగిలింది అరవై రూపాయలు. రేకు ఉచితం. మూత ఉచితం. ఒక మనిషికి రోజుకొక్కసారి గొంతు దగ్గర వచ్చే పలకరింపు పోయింది. నాదని చెప్పుకోగలిగిన పాట ఒక్కటి పోయింది. పైసలిచ్చి కొన్నదాని బాకీ ఆనాడే తీరింది. ఉచితంగా తెచ్చుకున్నవాటికే ఇంకా కడుతున్నాను. మూత నా దగ్గరే ఉంది.